జెనీవా రాయబారం, ప్రతిపక్ష నాయకుడు: ఫాక్‌లాండ్ రోడ్డు నుంచి ఒక పరిశీలన

ప్రభుత్వం జరిపే అంతర్జాతీయ సంప్రదింపుల్లో ప్రతిపక్ష నాయకుడికి చోటు ఉందా అని అడిగితే మన రాజ్యాంగం జవాబు చెప్పదు. విదేశాంగ వ్యవహారాలు కేంద్రానివి. సంధులు, ఒప్పందాలు మంత్రివర్గం చేతిలోవి. ప్రతిపక్ష నాయకుడి హోదాకు చట్టంలో గుర్తింపు సైతం 1977లో, జీతభత్యాలకు సంబంధించిన చట్టం ద్వారానే వచ్చింది. అయినా 1994 ఫిబ్రవరి, మార్చి నెలల్లో జెనీవాలో జరిగిన ఐక్యరాజ్యసమితి మానవ హక్కుల సంఘం సమావేశాలకు వెళ్లిన భారత ప్రతినిధి వర్గానికి లోక్‌సభలో ప్రతిపక్ష నాయకుడు అటల్ బిహారీ వాజపేయి నాయకత్వం వహించారు. ఆయనను పంపినవారు తెలుగువాడైన ప్రధానమంత్రి పి.వి. నరసింహారావు.

ఈ ఘట్టాన్ని చాలామంది ఇద్దరు పెద్దమనుషుల ఔదార్యానికి ఉదాహరణగా చెప్పుకుంటారు. అందులో ఔదార్యం ఉన్నమాట నిజమే. కాని ఆ రాయబారం దేశానికి వెలుపల ఎంత బలాన్నిచ్చిందో లోపల అంత బాధ్యతను మోపింది. ఆ బాధ్యత ఎంతవరకు తీరిందో చూడటానికి ఢిల్లీ కంటే, జెనీవా కంటే, బొంబాయిలోని ఫాక్‌లాండ్ రోడ్డు తగిన చోటు అని మేము భావిస్తున్నాం. ఎందుకో వివరించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

ఫాక్‌లాండ్ రోడ్డు ఎందుకు?

1848 నుంచి 1853 వరకు బొంబాయి గవర్నరుగా పనిచేసిన ఫాక్‌లాండ్ ప్రభువు పేరు ఈ వీధికి వచ్చింది. తరవాత తమాషా కళాకారుడు పఠ్ఠే బాపూరావు పేరు పెట్టారు. కాని జనం నోట పాత పేరే నిలిచింది. ఒకప్పుడు ఈ వీధి నాటకశాలలకు ప్రసిద్ధి. 'ప్లే హౌస్' అనే ఇంగ్లీషు మాట ఇక్కడి జనం నాలుక మీద 'పీలా హౌస్' అయి కూర్చుంది. పరాయి మాటను తన ఉచ్చారణలోకి మలుచుకోవడం ఈ పేట స్వభావం.

ఈ వీధిని ఆనుకొని ఉన్న గల్లీలే కామాఠీపురా. బయటివారు ఈ పేరు వినగానే ఒకే ఒక వృత్తిని తలుచుకుంటారు. ఆ వృత్తిలో నలిగిన స్త్రీలలో మన తెలుగు జిల్లాల నుంచి వచ్చినవారూ ఉన్నారు. వారిని ఈ చరిత్రలో నుంచి తీసివేసే హక్కు మనకు లేదు. అయితే పేట పేరు మాత్రం కట్టడపు పనివారిది. నిజాం రాజ్యం నుంచి, ముఖ్యంగా తెలంగాణా పల్లెల నుంచి, పద్దెనిమిదో శతాబ్ది చివరి నుంచి ఈ నగరానికి వచ్చి మట్టి తవ్వి, రాయి మోసి, గోడలు కట్టినవారు కామాఠీలు. తెలుగు నిఘంటువుల్లో 'కామాటి' అంటే కూలివాడు, తవ్వకపు పనివాడు. మరాఠీలో అది 'కామాఠీ' అయింది. 1906లో వెలువడిన గ్రియర్సన్ భాషా సర్వే నాలుగో సంపుటం కామాఠీని బొంబాయి ప్రాంతపు తాపీ పనివారి తెలుగు మాండలికంగా నమోదు చేసింది. అంటే ఆంధ్ర రాష్ట్రం, ఆంధ్రప్రదేశ్ ఏర్పడటానికి అర్ధ శతాబ్దం ముందే ఈ వీధుల తెలుగుకు పుస్తకంలో చోటు దొరికింది. వీరి వెనక పద్మశాలీలు వచ్చి బట్టల మిల్లుల్లో చేరారు.

ఈ పేట తెలుగువారు ఉన్నది చాల్‌లలో. పొడుగాటి వసారా, దానికి వరుసగా ఒంటి గదులు, అందరికీ కలిపి నల్లా, అందరికీ కలిపి మరుగుదొడ్లు. నల్లా దగ్గర పొద్దున తగవు పడినవారే సాయంత్రం ఇంటి యజమాని ముందు కలిసి నిలబడక తప్పని ఇల్లు చాల్. అక్కడ పెరిగినవారికి మన వ్యాస విషయం కొత్తగా ఉండదు. లోపల తగవు ఉండటం, బయట ఒక మాట మీద ఉండటం పరస్పర విరుద్ధాలు కావని వారికి తెలుసు. యజమాని ఒప్పుకొని వెళ్లాక కురిసే కప్పును ఎవరు బాగు చేయిస్తారన్నది అసలు ప్రశ్న అని కూడా తెలుసు.

రెండు మాటలు, ఒకే ఉపసర్గ

భాషాశాస్త్రం చదువుకున్నవారికి మాటల దగ్గర ఆగే అలవాటు ఉంటుంది. 'ప్రతిపక్షం', 'ప్రతినిధి' అనే రెండు మాటల్లోనూ ఉన్న ఉపసర్గ 'ప్రతి'. మొదటి మాటలో దానికి 'ఎదురుగా' అని అర్థం; రెండో మాటలో 'బదులుగా' అని అర్థం. ఎదురుగా నిలిచే పక్షం ప్రతిపక్షం. ఒకరికి బదులుగా నిలిచేవాడు ప్రతినిధి. పత్రికలు తరచు వాడే 'విపక్షం'లో ఈ అందం లేదు. అక్కడ ఉన్న 'వి' వేరుపాటును మాత్రమే చెబుతుంది.

ఎదురుగా నిలిచేవాడు బదులుగా నిలవగలడా? నిలిస్తే అతని ఎదురు నిలిచే గుణం ఏమవుతుంది? ఈ ప్రశ్నకు ప్రపంచ చరిత్రలో ప్రసిద్ధమైన సమాధానాలు కొన్ని ఉన్నాయి.

మొదటి ప్రపంచ యుద్ధం ముగిశాక అమెరికా అధ్యక్షుడు విల్సన్ పారిస్ శాంతి సభకు స్వయంగా వెళ్లాడు. వెంట సెనేటర్లను ఎవరినీ తీసుకువెళ్లలేదు. ప్రతిపక్షమైన రిపబ్లికన్ పార్టీ ముఖ్య నాయకులకూ చోటు ఇవ్వలేదు. ఆయన తెచ్చిన వర్సాయి సంధిని 1919లో ఒకసారి, 1920లో మరొకసారి సెనేటు తిరస్కరించింది. ఆ గుణపాఠాన్ని రూజ్‌వెల్ట్ మరవలేదు. ఐక్యరాజ్యసమితి నిబంధనావళిని రూపొందించడానికి 1945లో శాన్‌ఫ్రాన్సిస్కోలో సమావేశమైన సభకు రిపబ్లికన్ సెనేటర్ వాండెన్‌బర్గ్‌ను ప్రతినిధిగా నియమించాడు. ఆ నిబంధనావళిని సెనేటు 89–2 ఓట్లతో ఆమోదించింది.

అదే ఏడాది జూలైలో చర్చిల్ పోట్స్‌డామ్ సభకు వెళ్తూ లేబర్ పార్టీ నాయకుడు అట్లీని వెంట తీసుకువెళ్లాడు. బ్రిటన్‌లో పోలింగ్ అప్పటికే ముగిసింది, లెక్కింపు మాత్రం మిగిలి ఉంది. సభ మధ్యలో ఫలితాలు వచ్చాయి. చర్చిల్ ఓడిపోయాడు; అట్లీ ప్రధానిగా తిరిగి వచ్చి అదే బల్ల దగ్గర కూర్చున్నాడు. నేటి ప్రతిపక్షం రేపటి ప్రభుత్వం కావచ్చన్న సత్యాన్ని ఇంతకంటే స్పష్టంగా చూపిన ఘట్టం మరొకటి లేదు. అవతలి దేశాలు ప్రతిపక్ష నాయకుడి మాటకు విలువ ఇవ్వడానికి మూలకారణం ఇదే: అతని మాట ప్రభుత్వం మారినా నిలిచే మాట.

పి.వి., వాజపేయి: ముందు సంగతి

నరసింహారావు వరంగల్లు జిల్లా లక్నేపల్లిలో 1921లో పుట్టి, కరీంనగర్ జిల్లా వంగరలో పెరిగారు. కామాఠీపురా చాల్‌లకు మనుషులను పంపిన తెలంగాణా పల్లెసీమ అదే. పుణె ఫెర్గూసన్ కళాశాలలో చదివారు, నాగపూర్‌లో న్యాయశాస్త్రం అభ్యసించారు. హరి నారాయణ ఆప్టే మరాఠీ నవలను 'అబల జీవితం' పేరుతో తెలుగులోకి తెచ్చారు. తెలుగునేలకు వెలుపల ఉన్న తెలుగు విద్యార్థులు ఆయనను పరాయివాడుగా చూడనక్కరలేదు. రెండు భాషల మధ్య బతకడం ఆయనకూ తెలుసు.

విదేశాంగ శాఖతో ఇద్దరికీ పాత పరిచయం ఉంది. 1977 నుంచి 1979 వరకు జనతా ప్రభుత్వంలో వాజపేయి విదేశాంగ మంత్రి. 1980 నుంచి 1984 వరకు, తిరిగి 1988–89లో నరసింహారావు విదేశాంగ మంత్రి. 1979 ఫిబ్రవరిలో చైనా వెళ్లి, చైనా వియత్నాం మీద దాడి చేయడంతో పర్యటనను మధ్యలో ఆపుకొని వాజపేయి తిరిగి వచ్చారు. పద్నాలుగేళ్ల తరవాత, 1993 సెప్టెంబరులో, సరిహద్దుల్లో శాంతిని కాపాడే ఒప్పందం మీద ప్రధానిగా నరసింహారావు పాల్గొన్న పర్యటనలో సంతకాలు జరిగాయి. ప్రభుత్వాలు మారినా పని సాగుతూనే ఉంది.

రాజకీయాల్లో మాత్రం ఇద్దరి మధ్య మెతకతనం లేదు. 1984 ఎన్నికల్లో దేశం మొత్తం మీద భారతీయ జనతా పార్టీకి దక్కినవి రెండే స్థానాలు. వాటిలో ఒకటి హనుమకొండ. అక్కడ చందుపట్ల జంగారెడ్డి చేతిలో ఓడినవారు నరసింహారావే. ఆ ఏడాది ఆయన లోక్‌సభకు వెళ్లింది మహారాష్ట్రలోని రాంటెక్ నుంచి. 1991లో ప్రధాని అయ్యాక నంద్యాల ఉప ఎన్నికలో నిలబడ్డారు. అప్పుడు రాష్ట్రంలో ప్రతిపక్ష నాయకుడు ఎన్.టి. రామారావు, తెలుగువాడు ప్రధాని అయిన సందర్భంలో పోటీ తగదని తమ పార్టీ అభ్యర్థిని నిలపలేదు. వాజపేయి పార్టీ మాత్రం బంగారు లక్ష్మణ్‌ను నిలబెట్టింది. నరసింహారావు ఐదు లక్షల పైచిలుకు ఆధిక్యతతో గెలిచారు.

ఈ రెండు వైఖరులనూ విద్యార్థులు పక్కపక్కన పెట్టి చూడాలి. రామారావుది మర్యాద, దానికి ఒక సందర్భం, ఒక ఎల్ల ఉన్నాయి. లక్ష్మణ్ పోటీ ప్రజాస్వామ్య ధర్మం. మర్యాద లేకపోతే రాజకీయం మొరటవుతుంది, పోటీ లేకపోతే రాజకీయమే ఉండదు. 1994లో జెనీవాకు వెళ్లినవారు పోటీని వదులుకొని వెళ్లినవారు కారని గుర్తించడానికి ఈ పూర్వకథ అవసరం.

తెగిన దారం: 1992–93

1992 డిసెంబరు 6న అయోధ్యలో బాబ్రీ మసీదు కూల్చివేత జరిగింది. ఉత్తరప్రదేశ్‌లో ఆ రోజే రాష్ట్రపతి పాలన వచ్చింది. డిసెంబరు 15న మధ్యప్రదేశ్, రాజస్థాన్, హిమాచల్ ప్రదేశ్‌లలోని బి.జె.పి. ప్రభుత్వాలను కేంద్రం రద్దు చేసింది. పార్టీ అగ్రనాయకులు కొందరు అరెస్టయ్యారు. 1993 జూలై 28న లోక్‌సభలో నరసింహారావు ప్రభుత్వం మీద అవిశ్వాస తీర్మానం 251–265 ఓట్లతో వీగిపోయింది, బి.జె.పి. ప్రభుత్వానికి వ్యతిరేకంగా ఓటు వేసింది. ఆ రోజుల్లోనే వాజపేయి ప్రతిపక్ష నాయకుడయ్యారు.

బొంబాయిలో ఈ తెగింపు రక్తంగా పారింది. 1992 డిసెంబరులో, 1993 జనవరిలో రెండు విడతలుగా జరిగిన అల్లర్లలో, శ్రీకృష్ణ కమిషన్ లెక్క ప్రకారం, 900 మంది చనిపోయారు. వారిలో 575 మంది ముస్లిములు, 275 మంది హిందువులు, 5గురు ఇతరులు. 45 మంది ఎవరో తెలియలేదు. కామాఠీపురా ఉన్న నాగ్‌పాడా, పక్కనున్న డోంగ్రీ, భాయ్‌ఖళా, ఆగ్రీపాడా పేటలన్నీ ఆ నివేదికలో ఠాణాల వారీగా కనిపిస్తాయి. మార్చి 12న వరస పేలుళ్లు. 257 మంది ప్రాణాలు పోయాయి. పేలుళ్ల తరవాత ఉగ్రవాద నిరోధక చట్టం 'టాడా' కింద అరెస్టులు జరిగాయి. ఫాక్‌లాండ్ రోడ్డు దగ్గర నివసించేవారికి 'మానవ హక్కులు' అనే మాట ఎక్కడో కొండల్లోని సమస్యకు సంబంధించినది కాదు. పొరుగింట్లో తిరిగి రాని మనిషికి సంబంధించినది.

ఇంత జరిగిన పద్నాలుగు నెలలకు ఆ ప్రధాని ఆ ప్రతిపక్ష నాయకుడిని దేశం తరఫున మాట్లాడమన్నారు.

జెనీవాలో ఏం జరిగింది?

సందర్భం కాశ్మీరు. 1989 చివరి నుంచి అక్కడ సాయుధ తిరుగుబాటు సాగుతోంది. 1993 అక్టోబరులో శ్రీనగర్‌లోని హజ్రత్‌బల్ దర్గా ముట్టడి మొదలైంది. అదే నెల 22న బిజ్‌బెహారాలో ఊరేగింపు మీద సరిహద్దు భద్రతా దళం కాల్పులు జరిపింది. పదుల సంఖ్యలో జనం చనిపోయారు. నెలాఖరున అమెరికా విదేశాంగ శాఖ అధికారిణి రాబిన్ రాఫెల్, కాశ్మీరు విలీన పత్రం ఆ ప్రాంతాన్ని శాశ్వతంగా భారతదేశంలో భాగం చేసినట్లు తాము భావించడం లేదన్న అర్థంలో మాట్లాడారు. ఈ వాతావరణంలో పాకిస్తాన్, కాశ్మీరులో మానవ హక్కుల ఉల్లంఘనల మీద నిజనిర్ధారణ బృందాన్ని పంపాలన్న తీర్మానాన్ని మానవ హక్కుల సంఘం ముందుకు తెచ్చింది. సంఘంలో అప్పుడు 53 సభ్య దేశాలు. తీర్మానం నెగ్గితే కాశ్మీరు వ్యవహారం తిరిగి అంతర్జాతీయ వేదికల మీదికి ఎక్కుతుంది.

నరసింహారావు ఎంచుకున్న బృందంలోని పేర్లను గమనించాలి. నాయకుడు వాజపేయి. విదేశాంగ సహాయ మంత్రి సల్మాన్ ఖుర్షీద్ ఆయనకు తరవాతి స్థానంలో ఉన్నారు. అంటే మంత్రి ప్రతిపక్ష నాయకుడి కింద పనిచేశారు. జమ్మూకాశ్మీర్ మాజీ ముఖ్యమంత్రి ఫరూఖ్ అబ్దుల్లా ఉన్నారు. ఐక్యరాజ్యసమితిలో అప్పటి భారత శాశ్వత ప్రతినిధి, తరవాత ఉపరాష్ట్రపతి అయిన హమీద్ అన్సారీ ఉన్నారు. ఫిబ్రవరి 22న పార్లమెంటు ఉభయసభలూ జమ్మూకాశ్మీర్ భారతదేశంలో అంతర్భాగమన్న తీర్మానాన్ని ఏకగ్రీవంగా ఆమోదించాయి. ఢిల్లీలో తీర్మానం, జెనీవాలో బృందం ఒకే పనికి రెండు చేతులు.

మూడో చెయ్యి కూడా ఉంది. 1993 సెప్టెంబరులో నరసింహారావు చైనాతో పాటు ఇరాన్‌ను కూడా సందర్శించారు. 1994 తొలి నెలల్లో తీవ్ర అనారోగ్యంతో ఉన్న విదేశాంగ మంత్రి దినేశ్ సింగ్‌ను ప్రధాని లేఖతో టెహ్రాన్‌కు పంపారు. చివరికి ఇరాన్, చైనాలు పాకిస్తాన్‌కు నచ్చజెప్పాయి. మార్చి రెండో వారంలో పాకిస్తాన్ తీర్మానాన్ని ఉపసంహరించుకొంది. ఓటింగు జరగలేదు.

ప్రతిపక్ష నాయకుడి పాత్ర ఎంత?

ఫలితం మొత్తాన్ని వాజపేయి ఉపన్యాస శక్తికి కట్టబెట్టడం చరిత్రకు న్యాయం కాదు. ఇరాన్, చైనాలతో ముందుగా సాగిన దౌత్యం లేకపోతే జెనీవాలో ఎవరు నిలబడినా ఓటింగు తప్పేది కాదేమో. అలాగని ఆయన పాత్ర అలంకారం మాత్రమే అనడమూ సరికాదు. మా పరిశీలనలో అది మూడు విధాలుగా పనిచేసింది.

మొదటిది సాక్ష్యం. తన పని బాగుందని ప్రభుత్వం తానే చెప్పుకుంటే వినేవాడు సగమే నమ్ముతాడు. రోజూ ఆ ప్రభుత్వాన్ని తప్పుపట్టేవాడు వచ్చి ఈ ఒక్క విషయంలో మేమంతా ఒకటే అంటే ఆ మాటకు వేరే బరువు ఉంటుంది. ఇక్కడ విరోధమే విశ్వసనీయతకు ఆధారం. వాజపేయి పార్టీ అంతకు ముందు ఏడాది అవిశ్వాసానికి ఓటు వేసి ఉండకపోతే ఆయన సాక్ష్యానికి ఆ విలువ ఉండేది కాదు.

రెండోది కొనసాగింపు. అట్లీ ఉదాహరణలో చూసినట్లు, ప్రతిపక్ష నాయకుడు రేపటి ప్రధాని కావచ్చు. 1996లో వాజపేయి ప్రధాని అయ్యారు. 1998లో మళ్లీ అయ్యారు. జెనీవాలో ఆయనతో మాట్లాడిన దౌత్యవేత్తలు తమకు తెలియకుండానే భవిష్యత్ ప్రధానితో మాట్లాడారు.

మూడోది లోపలి తాళం. జెనీవాలో బృందానికి తానే నాయకుడైనవాడు, ఫలితం ఎలా ఉన్నా, ఇంటికి వచ్చి ప్రభుత్వం దేశాన్ని తాకట్టు పెట్టిందని అనలేడు. నరసింహారావు చాతుర్యం ఇక్కడ ఉంది. గెలిస్తే కీర్తి పంచుకోవచ్చు, ఓడితే నింద పంచుకోవచ్చు. దీన్ని కపటం అనక్కరలేదు. పంచుకోవడం అంటేనే రెండూ పంచుకోవడం.

మరి ప్రతిపక్షం తన ఎదురు నిలిచే గుణాన్ని వదులుకొందా? లేదు. పాకిస్తాన్ తీర్మానం ఉపసంహరించుకొన్న వారంలోనే, మార్చి 11న, బొమ్మై కేసులో సుప్రీంకోర్టు తీర్పు వెలువడింది. రాష్ట్రపతి పాలన విధించే అధికారానికి హద్దులు గీసిన ఆ తీర్పు, 1992 డిసెంబరులో మూడు బి.జె.పి. ప్రభుత్వాలను రద్దు చేయడం మాత్రం చెల్లుతుందని చెప్పింది. అంటే జెనీవాలో కలిసి నిలిచిన రెండు పార్టీలు అదే సమయంలో ఢిల్లీ న్యాయస్థానంలో ఎదురెదురుగా ఉన్నాయి. ఈ రెండూ ఒకేసారి సాధ్యం కావడమే ఆ ఘట్టంలోని ఆరోగ్యం.

జెనీవాలో ఇచ్చిన మాట

ఇక్కడ ఒక విషయం స్పష్టంగా చెప్పుకోవాలి. తీర్మానం ఉపసంహరణ అంటే ఆరోపణలన్నీ అబద్ధమని తేలినట్లు కాదు. బిజ్‌బెహారాలో చనిపోయినవారు చనిపోయినవారే. భారతదేశం జెనీవాలో వాదించినది మరొకటి: మా దేశంలో న్యాయస్థానాలున్నాయి, పత్రికలున్నాయి, పార్లమెంటు ఉంది, 1993 అక్టోబరులో ఏర్పడిన జాతీయ మానవ హక్కుల సంఘం ఉంది, మా తప్పులను మేమే విచారించుకోగలం, బయటి బృందం అవసరం లేదు. ఈ వాదానికి ప్రతిపక్ష నాయకుడే సజీవ ఉదాహరణ. కాని అది వాదం మాత్రమే కాదు, వాగ్దానం కూడా. 'ప్రతి' ఉపసర్గతో మూడో మాట ఒకటి ఉంది: 'ప్రతిజ్ఞ'. ప్రతిపక్షం ప్రతినిధి అయినప్పుడు పుట్టేది ప్రతిజ్ఞ. ఆ ప్రతిజ్ఞకు ప్రభుత్వమూ ప్రతిపక్షమూ రెండూ కట్టుబడి ఉండాలి.

ఆ మాట ఎంతవరకు నిలిచింది? కొంత నిలిచింది. 1995 ఫిబ్రవరిలో జాతీయ మానవ హక్కుల సంఘం అధ్యక్షుడు రంగనాథ్ మిశ్రా, టాడా చట్టాన్ని పొడిగించవద్దని పార్లమెంటు సభ్యులకు లేఖ రాశారు. ఆ మే నెలలో చట్టం గడువు ముగిసింది; పొడిగించలేదు. పాత కేసులు మాత్రం సాగుతూ వచ్చాయి.

ఫాక్‌లాండ్ రోడ్డుకు మరింత దగ్గరి పరీక్ష శ్రీకృష్ణ కమిషన్. బొంబాయి అల్లర్ల మీద విచారణకు హైకోర్టు న్యాయమూర్తి బి.ఎన్. శ్రీకృష్ణను 1993 జనవరిలో నియమించారు. నగరం పేరు 1995లో ముంబయి అయింది. అదే ఏడాది రాష్ట్రంలో అధికారానికి వచ్చిన శివసేన–బి.జె.పి. ప్రభుత్వం 1996 జనవరిలో, విచారణ మధ్యలో, కమిషన్‌ను రద్దు చేసింది. ఆ మే నెలలో వాజపేయి కేంద్రంలో ప్రధాని అయ్యారు. ఆ ప్రభుత్వం పదమూడు రోజులే నిలిచింది. ఆ కొద్ది రోజుల్లోనే ఆయన సూచన మీద రాష్ట్ర ప్రభుత్వం కమిషన్‌ను పునరుద్ధరించింది. పేలుళ్ల విషయాన్ని కూడా విచారణలో చేర్చింది.

జెనీవాలో 'మా సంస్థలు విచారిస్తాయి' అన్న వైఖరికి నాయకత్వం వహించిన మనిషి, తన సొంత పార్టీ భాగస్వామిగా ఉన్న ప్రభుత్వం అలాంటి విచారణను ఆపివేస్తే తిరిగి తెరవమనడంలో ఒక పొందిక ఉంది. జెనీవా అనుభవమే ఆయన చేత ఆ పని చేయించిందని మేము నిరూపించలేం, ఆ మాట అనడం లేదు. కాని రెండింటి మధ్య ఉన్న తార్కిక సంబంధాన్ని చరిత్ర విద్యార్థి చూడకుండా ఉండలేడు.

తరవాతి సంగతి అంత సంతోషకరం కాదు. కమిషన్ 1998 ఫిబ్రవరిలో నివేదిక ఇచ్చింది. ఆగస్టులో దాన్ని శాసనసభ ముందు పెట్టిన రాష్ట్ర ప్రభుత్వం ముఖ్య నిర్ధారణలను అంగీకరించలేదు. తరవాత వచ్చిన ప్రభుత్వాలు, వేరే పార్టీలవి కూడా, అమలులో పెద్దగా ముందుకు సాగలేదు. 2022 నవంబరులో, అల్లర్లు జరిగిన దాదాపు ముప్పై ఏళ్లకు, జాడ తెలియకుండా పోయినవారిలో పరిహారం అందని 108 మంది కుటుంబాలను వెతికి చెల్లించమని సుప్రీంకోర్టు మహారాష్ట్ర ప్రభుత్వాన్ని ఆదేశించింది. సంస్థలు పనిచేస్తాయన్న వాదం అబద్ధం కాదు. కాని ఎంత ఆలస్యంగా పనిచేస్తాయో ఈ తేదీలే చెబుతాయి.

2025: పాత పద్ధతి, కొత్త ప్రశ్న

2025 ఏప్రిల్ 22న పహల్‌గామ్‌లో 26 మందిని ఉగ్రవాదులు చంపారు. మే 7న భారత సైన్యం 'ఆపరేషన్ సిందూర్' ప్రారంభించింది. తరవాత కేంద్ర ప్రభుత్వం ఏడు అఖిలపక్ష బృందాలను వివిధ దేశాలకు పంపింది. ఏడింటిలో మూడింటికి ప్రతిపక్ష సభ్యులు నాయకులు: శశి థరూర్, కనిమొళి, సుప్రియా సూలే. హైదరాబాదు సభ్యుడు అసదుద్దీన్ ఒవైసీ గల్ఫ్ దేశాలకు, అల్జీరియాకు వెళ్లిన బృందంలో ఉన్నారు. పార్లమెంటులో ప్రభుత్వ విధానాలను తీవ్రంగా విమర్శించే సభ్యుడు బయట దేశం తరఫున మాట్లాడటాన్ని చూసి పలువురు 1994ను గుర్తు చేసుకున్నారు.

పోలిక నిజమే, తేడా కూడా నిజమే. 1994లో పంపినది ప్రతిపక్ష నాయకుడిని, ఆ హోదాలో ఉన్న మనిషిని. 2025లో కాంగ్రెస్ పార్టీ ఇచ్చిన నాలుగు పేర్లలో ఆనంద్ శర్మను మాత్రమే ప్రభుత్వం తీసుకొంది. పార్టీ సూచించని థరూర్‌కు ఒక బృందం నాయకత్వం ఇచ్చింది. పార్టీ అభ్యంతరం చెప్పింది. పైగా జెనీవాలో జరిగినది ఒక తీర్మానం మీద పోరాటం. 2025 బృందాలు చేసినది మన వాదాన్ని వినిపించడం.

ఇక్కడే మన ఉపసర్గ చర్చ పనికి వస్తుంది. ప్రతినిధి అంటే బదులుగా నిలిచేవాడు. ఎవరికి బదులుగా నిలవాలో వారే అతనిని ఎంచుకోవాలి. ప్రతిపక్షానికి చెందిన ఒక వ్యక్తిని ప్రభుత్వం తానే ఏరుకొంటే, ఎంత సమర్థుడైనా, ఆయన దేశానికి ప్రతినిధి అవుతాడు కాని ప్రతిపక్షానికి కాడు. అప్పుడు సాక్ష్యపు బరువు కొంత తగ్గుతుంది, లోపలి తాళం కొంత సడలుతుంది. వ్యక్తుల యోగ్యత మీద ఇది వ్యాఖ్య కాదు. పద్ధతి మీద వ్యాఖ్య.

ముగింపు

జెనీవా ఘట్టం నుంచి మనం నేర్చుకోవలసినవి రెండు. ఒకటి, ప్రతిపక్ష నాయకుడు అంతర్జాతీయ చర్చల్లో ఉపయోగపడేది అతను ప్రతిపక్షంగా మిగిలినంత వరకే. ఇంట్లో నోరు మూయించిన ప్రతిపక్షం బయట చెప్పే సాక్ష్యానికి విలువ ఉండదు. రెండు, బయట కలిసి చెప్పిన మాట ఇంట్లో కలిసి తీర్చవలసిన బాకీ. ప్రభుత్వం ఒక్కటే చెప్పిన మాటను తరవాతి ప్రభుత్వం కాదనవచ్చు. ఇద్దరూ కలిసి చెప్పినదాన్ని కాదనడానికి ఎవరికీ వీలుండదు.

తెలుగునేలకు దూరంగా చదువుకొనే మన విద్యార్థులకు ఇందులో ఒక పని కూడా ఉంది. శ్రీకృష్ణ కమిషన్ నివేదిక ఇంగ్లీషులో ఉంది. అందులోని నాగ్‌పాడా ఠాణా భాగాన్ని తెలుగులోకి తెచ్చి, కామాఠీపురా చాల్‌లలో ఇంకా తెలుగు మాట్లాడే పెద్దవారి ముందు చదివి, వారి జ్ఞాపకాలను వారి తెలుగులోనే రాసిపెట్టడం మన పీఠం విద్యార్థులు చేయగల పని. 1906లో గ్రియర్సన్ ఆ తెలుగు ఎలా ఉందో నమోదు చేశాడు. ఆ తెలుగులో ఏం చెప్పుకున్నారో నమోదు చేయడం మన వంతు.